తెల్లబారిన నగలు

కెమిస్టునని చెబితే మా ఊళ్లో ఇప్పటికీ మందుల షాపు ఎక్కడ పెట్టావనే అడుగుతారు. మాది అవనిగడ్డ దగ్గర చిన్న ఊరు. ఆదివారం ఆరాధన అయిపోయాక పెద్దవాళ్లు నన్ను పక్కకు పిలిచి మోకాళ్ల నొప్పులకు ఏ మాత్ర మంచిదో కనుక్కుంటారు. నేను చేసింది పూతల పని. ఇనుము మీద, ఇత్తడి మీద వేసే రంగులు, పైపూతలు తయారుచేయడం, అవి ఎండకీ వానకీ ఎన్నాళ్లు నిలుస్తాయో చూడడం. హైదరాబాదు శివార్లలో ఒక రంగుల కంపెనీలో ఇరవై రెండేళ్లు అదే చేశాను. ఫ్యాను రెక్కలకు వేసే ఎనామిల్ ఒకటి, సైకిల్ ఫ్రేములకు రంగు వేసేముందు తుప్పు వదలగొట్టే పద్ధతి ఒకటి, నేనున్న బృందం కనిపెట్టినవే. కాగితాల మీద హక్కులు కంపెనీవి. కనిపెట్టినవాళ్ల వరసలో నా పేరు ఒకదాంట్లో మూడోది, రెండోదాంట్లో ఐదోది. అక్కడి పద్ధతి అంతే కాబట్టి నాకేమీ అనిపించలేదు.

మా ఆయన గుడివాడలో కాలేజీ లెక్చరరు. పెళ్లయిన చాలా ఏళ్ల దాకా ఆయనొక ఊళ్లో, నేనొక ఊళ్లో. శనివారం సాయంత్రం రైలెక్కడం, సోమవారం పొద్దున్నే దిగి నేరుగా ఫ్యాక్టరీకి వెళ్లడం. నలభై ఏడో ఏట ఇక చాలనిపించి ఉద్యోగం మానేసి గుడివాడ వచ్చేశాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక బల్ల, తూకం యంత్రం, చిన్న ఓవెను, గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టుకున్నాను. మొదట్లో రొయ్యల చెరువుల వాళ్లు వచ్చేవారు. చెరువులో నీళ్లను చిలికే ఏరియేటర్ల ఇనుప చట్రాలు ఉప్పునీళ్లకు ఏడాది తిరక్కుండానే పెచ్చులూడిపోతాయి. వాటికొక రంగు తయారుచేసి ఇచ్చాను. అది బాగానే నిలిచింది.

రోల్డ్ గోల్డ్ పని నా దగ్గరికి ఒక పెళ్లిలో వచ్చింది. బందరులో మా బంధువుల అమ్మాయి పెళ్లి. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న మా పిన్ని మెడ చుట్టూ పచ్చటి గీత కనిపించింది. హారం తీయించి చూశాను. లోపలి వైపు బంగారు పూత అరిగిపోయి, ఇత్తడి బయటపడి, చెమట తగిలి పచ్చబారుతోంది. ఆ హారం తయారుచేసినాయన అదే పెళ్లిలో ఉన్నాడు, పెళ్లికొడుకు తరఫు చుట్టం. పిన్ని ఆయన్ని పిలిచి అందరి ముందూ మెడ చూపించింది. ఆయన దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. నగ మీద ఆఖరున వేసే కోటింగు మందు సరైనది దొరకడం లేదని, దొరికేది నాలుగు నెలలకే పసుపెక్కి పొట్టులా లేచిపోతోందని చెప్పాడు. నేను ఏం పని చేస్తానో పిన్ని చెప్పింది. ఓసారి వచ్చి చూడమన్నాడు.

మరుసటి వారం ఆయన వర్క్‌షాపుకు వెళ్లాను. రెండు గదులు, వీధి వైపు వరండా. బయటి గదిలో రాళ్లు పొదుగుతున్నారు. లోపలి గదిలో బంగారు ప్లేటింగు తొట్లు ఉన్నాయి. ప్లేటింగు అయిన నగలను కడిగి, పొయ్యి మీద పెనంలో వేడిచేసిన రంపపు పొట్టులో దొర్లిస్తారు. తడంతా పొట్టు పీల్చేసుకుంటుంది. ఆ పొయ్యికి నాలుగడుగుల దూరంలో కోటింగు బల్ల, దాని ముందు ఒక్కతే ఆడమనిషి. నలభై దాటి ఉండవు. హంసలదీవి దగ్గర సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టి, బందరుకు కోడలై వచ్చింది. భర్త పోయాడు. తొమ్మిదేళ్లుగా ఈ ఒక్క పనే చేస్తోంది. నగను కొక్కేనికి తగిలించి మందులో ముంచి, తొందరపడకుండా పైకెత్తి, కిందికి జారిన చివరి బొట్టును గిన్నె అంచుకు తాకించి, కడ్డీకి వేలాడదీస్తోంది. ఒక్క నగ మీద కూడా బొట్టు గడ్డకట్టలేదు. మా కంపెనీలో ఆ పనికి పెద్ద యంత్రం ఉండేది.

నా కళ్లు మాత్రం పొయ్యి మీదే ఉన్నాయి. కోటింగు మందులో సగానికి పైగా దాన్ని పలచన చేసే థిన్నరే. దాని ఆవిరికి నిప్పు తగిలితే గది మొత్తం అంటుకుంటుంది. ముందు ఆ బల్లను వరండాలోకి మార్పించమని ఆయనకు చెప్పాను. ఆయన భయపడి ఆ రోజే మార్పించాడు. అది సరైన సలహా. ఇప్పటికీ సరైనదే అంటాను.

కోటింగు మందు నేనే చేసి ఇస్తానని ఒప్పుకున్నాను. అది తయారుకావడానికి ఫిబ్రవరి నుంచి మే ఆఖరు దాకా పట్టింది. నగకు అంటుకుని పారదర్శకంగా పొరకట్టే ఒక రెజిను, ఇత్తడి పచ్చబారకుండా ఆపే ఒక పదార్థం అతి కొద్దిగా, ఇవి రెండూ కరిగే థిన్నరు. వినడానికి ఇంతే. ఎంత పాళ్లు అన్నదే నాలుగు నెలల పని. ఉప్పూ పులుపూ కలిపి చెమటలాంటి నీళ్లు చేసి, మందు వేసిన గాజులను రోజుల తరబడి అందులో నానబెట్టాను. నాలుగు గాజులు నేనే వేసుకుని అంట్లు తోమాను, బట్టలు పిండాను. మే నెలాఖరుకు వాటి మీద మచ్చ లేదు. ఈ పరీక్షలన్నీ గుడివాడలో, ఎండాకాలంలో, రేకుల కింద జరిగాయి. అప్పుడు అది నాకు ముఖ్యమైన విషయంగా తోచలేదు.

జూన్ నుంచి ఆయన నా మందు వాడడం మొదలుపెట్టాడు. మొదట చిన్న చిన్న లాట్లు. వెళ్లినప్పుడల్లా నగలు నిగనిగలాడుతూ కనిపించేవి. ఒకసారి ఆ కోటింగు వేసే ఆమె నాతో, ఈ మందు పాతదానికంటే చాలా త్వరగా ఆరిపోతోందండీ, అంది. మెచ్చుకుంటోందనుకున్నాను. అవునమ్మా, త్వరగా ఆరాలనే అలా చేశాను, అని చెప్పాను. ఆమె ఇంకేదో అనబోయి ఆగింది. ఏమిటని నేను అడగలేదు.

కార్తీకమాసం ముహూర్తాలకు ఆయనకు పెద్ద ఆర్డరు వచ్చింది. సరిగ్గా అప్పుడే వాయుగుండం పట్టింది. వాన పెద్దగా లేదు కానీ మూడు రోజులుగా ముసురు. నాలుగో రోజు పొద్దున ఆయన ఫోన్ చేసి వెంటనే రమ్మన్నాడు. రైల్లో బందరు చేరేసరికి పదకొండయింది. వరండాలో కడ్డీల నిండా హారాలు, లోపల చాపల మీద గాజులు, జుంకాలు. అన్నిటి మీదా పాలు పోసి తుడిచేసినట్టు తెల్లటి మసక. కొన్నిటి కింద బంగారు రంగే కనిపించడం లేదు.

భూతద్దంతో చూశాను. పొర నిండా సూదిమొనతో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు. దూదికి థిన్నరు అద్ది ఒక గాజు తుడిస్తే మసక పోయి బంగారం మెరిసింది. అంటే ప్లేటింగులో లోపం లేదు, నగ మీద మురికి లేదు. తేమ. ఇంజెక్షన్ ముందు స్పిరిట్ రాస్తే చెయ్యి చల్లబడినట్టే, థిన్నరు వేగంగా ఆవిరైతే నగ చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున అది ఆ చల్లటి పొర మీద మంచులా పట్టుకుంటుంది. పొర తెల్లబారుతుంది. ఇది చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకంలో ఉన్న సంగతే. కంపెనీలో నేను చేసిన పూతలన్నీ ఓవెన్లో కాల్చేవి కావడంతో ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా దీనితో పని పడలేదు. మర్చిపోయాను.

అక్కడ నిలబడి ఉండగానే ఇదంతా నాకు అర్థమైంది. అప్పుడే ఆయన, "ఈవిడ చెయ్యి ఎప్పుడూ తడేనండీ. ఆ తడిచేత్తోనే కొక్కేలు పట్టుకుంటుంది. ఇన్నాళ్లూ ఏదో అలా నడిచిపోయింది," అన్నాడు. ఆమె గోడ దగ్గర నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు తిరిగి, "రేపట్నుంచి రావద్దమ్మా," అన్నాడు.

ఆమె ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది.

"ఇంటికి తీసుకెళ్లి పరీక్ష చేసి చెబుతానండీ," అన్నాను నేను. ఆరు నగలు కవర్లో వేసుకున్నాను. ఆమె మేకుకు తగిలించిన క్యారేజీ సంచి తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే షెడ్డులో మూత ఉన్న డబ్బాలో తడిగుడ్డలు పరిచి, మందులో ముంచిన గాజు ఒకటి అందులో వేలాడదీశాను. నాలుగు నిమిషాల్లో తెల్లబడింది. చెయ్యి తడిగా ఉన్నా లేకున్నా జరిగేదే. ఇది ఆయనకు ఫోన్ చేసి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పలేదు. ముందు మందు సరిచేసి, సరిచేసిన మందుతో పాటు చెబుదామనుకున్నాను. అదే వీధిలో ఇంకో ఇద్దరు నా మందు తీసుకుంటామని మాట ఇచ్చి ఉన్నారు. వాళ్ల చెవిన పడకముందే సర్దుకోవాలని కూడా అనుకున్నాను. మా ఆయన ఏమైందని అడిగితే పరీక్షలు నడుస్తున్నాయన్నాను. పదకొండు రోజులు అలా గడిచాయి.

ఆ పదకొండు రోజుల్లో నెమ్మదిగా ఆవిరయ్యే ఒక ద్రావకం కలిపి మందు మార్చాను. తెల్లబారడం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంకా కలిపితే ఆరడానికి గంటలు పట్టి దుమ్ము అంటుకుంటోంది. నన్ను ఇంకొకటి వేధించింది. జూలై, ఆగస్టు నెలల్లో బందరులో బోలెడు ముసురు రోజులు పోయాయి. అప్పుడు ఒక్క నగ కూడా ఎందుకు తెల్లబారలేదు? ఆయన్ని అడిగితే, అప్పుడు బాగానే వచ్చాయి కదండీ, అన్నాడే తప్ప ఆయనకేమీ తెలియదు. తెలిసే అవకాశం ఉన్నది ఒక్క మనిషికే. ఆమె బందరులో గది ఖాళీ చేసి పుట్టింటికి వెళ్లిపోయిందని చెప్పారు.

తప్పు ఒప్పుకోవడానికి వెళ్లానని చెప్పుకుంటే బాగుంటుంది. నేను వెళ్లింది కారణం తెలియక. ఒప్పుకోవాలన్న ఆలోచన కూడా ఉంది కానీ అదొక్కటే ఉంటే ఇంకొన్నాళ్లు వాయిదా వేసేదాన్నేమో.

గుడివాడ నుంచి బందరు, బందరు నుంచి అవనిగడ్డ బస్సు. మా ఊరి మలుపు దగ్గర దిగకుండా ముందుకు వెళ్లడం నాకదే మొదటిసారి. అవనిగడ్డలో కోడూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో హంసలదీవి వైపు వెళ్లాను. రెండు వైపులా వరి చేలు, ఆ తర్వాత మడ చెట్లు. జాలర్ల పాలెంలో ఆమె అమ్మగారి ఇల్లు అడిగితే వెంటనే చూపించారు. ముసలావిడ నన్ను చూసి ఏదో ఆఫీసు నుంచి వచ్చాననుకుని ఆధార్ కార్డు తీసుకొచ్చింది. కూతురు ఇంటి వెనక వలలు పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది.

నన్ను గుర్తుపట్టింది. కూర్చోమని స్టూలు చూపించింది. పని ఆపలేదు.

"నగలు తెల్లబడింది నీ చెయ్యి తడి వల్ల కాదమ్మా. నా మందు వల్ల," అన్నాను.

"నాకు తెలుసండీ," అంది. ఇంకో వరస చేపలు తిరగేసింది. "మీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పే వీలుంది. అంత దూరం వచ్చాక అది కూడా చేయబుద్ధి కాలేదు.

"ఆ రోజే. అక్కడ నిలబడి ఉండగానే."

ఆమె చేతిలోని చేప తోకకు అంటుకున్న ఇసుక దులిపింది. "అప్పుడే ఒక్క మాట అని ఉంటే ఆయన నన్ను ఉంచేవాడండీ," అంది. గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. ఉంచేవాడేనని నేనూ అన్నాను.

ముసలావిడ టీ తెచ్చింది. తాగాక అసలు సంగతి అడిగాను. ఆమె చెప్పింది. కోటింగు బల్ల పొయ్యి పక్కన ఉన్న రోజుల్లో నగ వేడి పొట్టులోంచి తీసిన వెంటనే, వెచ్చగా ఉండగానే మందులో పడేది. బల్ల వరండాలోకి మారాక నగలు బుట్టలో వేసి తేవాల్సి వచ్చింది. బుట్టలో చల్లారిపోయేవి. జూలైలో మొదటి ముసురు రోజునే నాలుగైదు తెల్లబడ్డాయి. వెచ్చగా ముంచినవి బాగున్నాయి, చల్లారినవి తెల్లబడ్డాయి. అప్పటి నుంచి ముసురు పట్టిన రోజున బుట్ట పక్కన పెట్టి, పిడికెడు పిడికెడు నగలు పొట్టులోంచి తీసి కొంగులో మూటకట్టుకుని, పరుగున వరండాలోకి తెచ్చి ముంచేది. పెద్ద ఆర్డరు వచ్చాక అలా తిరిగే టైము లేదు. బుట్టలు నింపి ముందే తెచ్చి పెట్టారు. యజమానికి రెండుసార్లు చెప్పింది. మందు కనిపెట్టిన మేడమ్ గారికంటే నీకెక్కువ తెలుసా అన్నాడు. నాకు చెప్పబోయిన రోజున నేను, త్వరగా ఆరాలనే అలా చేశానన్నాను.

నాలుగు నెలలు నేను షెడ్డులో వెతికింది, పదకొండు రోజులు మళ్లీ వెతికింది, ఆమె జూలైలోనే కనుక్కుంది. నా దగ్గర ఉన్నది పుస్తకంలోని కారణం. ఆమె దగ్గర ఉన్నది పరిష్కారం.

ఇదంతా నాకెందుకు చెప్పావని అడిగాను. "మీరు అడిగారు కదండీ. ఇంకెవరూ అడగలేదు," అంది.

ఆయన దగ్గరికి నాతో రమ్మన్నాను, ఆమె ముందే ఒప్పుకుంటానన్నాను. తలూపింది, రానన్నట్టు. "చెప్పాల్సింది మీరు కదండీ. నేనెందుకు?"

మర్నాడు ఒక్కదాన్నే బందరు వెళ్లి ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. "ఆ రోజు మీ ముందే ఆవిడని పొమ్మన్నాను కదమ్మా. మీరు వింటూ ఉన్నారు," అన్నాడు. పొమ్మన్నది తనే అయినా ఆ మాట నాకే తగలాలని అన్నాడు. తగిలింది. ఆయన నా మందు మానేశాడు. మాట ఇచ్చిన ఇద్దరూ వెనక్కి తగ్గారు. ఆమెకు మాత్రం కబురు పంపాడట. ఆమె వెళ్లలేదు.

సంక్రాంతి దాటాక నేను కబురు పంపాను. మందూ పద్ధతీ కలిపి మళ్లీ మొదటినుంచి పరీక్ష చేయాలి, ఆ పని తెలిసిన చెయ్యి నాకు కావాలి అని. నెల తర్వాత ఫోన్ చేసింది. గుడివాడ రాలేనని, బందరులో అయితే చేస్తానని అంది. చిలకలపూడి వైపు ఒక ఇల్లు చూశాం. వెనక గదిలో పొయ్యి, ముందు వరండాలో మందు, మధ్యలో రెండు తలుపులు. సమస్య ఒక్కటే. నగ వెచ్చగా ఉండాలి, నిప్పు దగ్గర ఉండకూడదు. నేను కరెంటు పెట్టెలు, వేడిగాలి గొట్టాలు అంటూ బొమ్మలు గీశాను. ఆమె ఇత్తడి బేసిన్లో ఇసుక కాచి, మూతపెట్టి, వరండాలోకి మోసుకొచ్చి, ఆ మూత మీదే నగలు పరిచింది. ఇసుక గంటన్నర వేడి నిలుపుకుంది. సముద్రపు ఇసుక పనికిరాదని, ఉప్పు చేరి నగ పాడవుతుందని, కృష్ణానది ఇసుక తెప్పించింది కూడా ఆమే. నేను చేసిందల్లా మూత ఎంత వేడిగా ఉండాలో థర్మామీటరుతో తేల్చడం, దానికి తగ్గట్టు మందులో థిన్నరు మార్చడం. ఆ ఏటి వానాకాలమంతా చేశాం. ముసురు రోజు కోసం ఇద్దరం ఎదురుచూసేవాళ్లం. పొద్దున్నే ఆకాశం చూసి ఆమె ఫోన్ చేసేది, నేను రైలెక్కేదాన్ని. ఒక్క నగ కూడా తెల్లబడలేదు.

మందు డబ్బాతో పాటు ఇవ్వడానికి పద్ధతినంతా ఒక పేజీలో తెలుగులో రాశాను. ఇసుక పద్ధతి కనిపెట్టింది ఫలానా అని కింద ఆమె పేరు పెట్టి చదివి వినిపించాను. తీసేయమంది. తన షాపులో నేర్చుకున్నదే బయట పంచుతోందని పాత యజమాని అంటాడని ఆమె భయం. నచ్చజెప్పబోయాను. వద్దండీ అని రెండోసారి అంది. తీసేశాను. ఆ కాగితం ఇప్పుడు బందరులో చాలా వర్క్‌షాపుల్లో గోడకు అంటించి ఉంది. మూత మీద నగలు పరిచే పద్ధతిని ఒకాయన నాకే నేర్పించబోయాడు.

అయిదేళ్లు నాతో చేశాక ఆమె సొంతంగా కోటింగు పని మొదలుపెట్టింది. మూడు వర్క్‌షాపుల నగలు ఆమె దగ్గరికే వస్తాయి. ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకుంది. రెండేళ్లుగా నా మందు వాడడం లేదు. ఉత్తరాది నుంచి వచ్చే ఇంకో రకం వాడుతోంది. ఎందుకని అడిగితే దాచలేదు, గాజుల అంచుల దగ్గర అది బాగా పట్టుకుంటోందని చెప్పింది. కొంచెం సీసాలో పోయించుకుని షెడ్డుకు తెచ్చి గీసి చూశాను, నానబెట్టి చూశాను. నిజమే, అంచుల దగ్గర నాదానికంటే మేలు.

నా షెడ్డులో ఇప్పుడు ఎక్కువగా ఏరియేటర్ల రంగే తయారవుతోంది. బందరు వెళ్లినప్పుడల్లా ఆమె దగ్గర ఆగుతాను. ఆ పదకొండు రోజుల సంగతి ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. మొన్న వెళ్లినప్పుడు ఆమె వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంది. కొత్త థిన్నరు పడటం లేదు. గ్లవుజులు తీసుకెళ్లి ఇచ్చాను. వేసుకుంటే కొక్కెం బరువు చేతికి తెలియడం లేదని, బొట్టు ఎప్పుడు జారుతుందో తెలియదని అంది. వేసుకోకపోతే చర్మం పోతుందన్నాను. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ట్రే పట్టుకునే ఎడమ చేతికి వేసుకుంది. కుడి చేతికి పల్చటి రకం ఏదైనా దొరుకుతుందేమోనని విజయవాడలో వెతుకుతున్నాను.